తెల్లదారం ముక్క

టైలరమ్మ ఇంట్లో దారం ముక్క లేని చోటు లేదు. గుమ్మం దగ్గర పట్టా మీద దారం, నీళ్ళకుండ మూత మీద దారం, మొగుడి మీసంలో దారం. బడి తెరిచే రోజులైతే మరీను. ఊళ్ళో పిల్లలందరి తెల్లచొక్కాలూ ఆవిడ మిషను కిందే పుట్టాలి కాబట్టి, ఇంటిల్లిపాదీ తెల్లదారంతోనే పడుకుని తెల్లదారంతోనే లేచేవాళ్ళు. కంచంలో వెంట్రుక వస్తే ఇల్లు పీకి పందిరేసే మగవాళ్ళు లోకంలో ఉన్నారేమో గానీ, ఆ ఇంటి మగవాళ్ళు మాత్రం దారం కనిపిస్తే నోరెత్తకుండా తీసి పక్కన పెట్టి తినడం నేర్చుకున్నారు.

అందుకే ఒక ఉదయం కొడుక్కి స్నానం చేయిస్తుంటే వాడి పిర్ర దగ్గర చిటికెనగోరంత తెల్లదారం ముక్క కనిపించినా, ఆవిడ గోటితో తీసి అవతల పారేసింది. ఆ ఇంట్లో దారం కాక ఇంకేముంటుంది? కొన్నాళ్ళకి వాడి లాగు ఉతుకుతుంటే ఇంకోటి కనిపించింది. దులిపేసింది. మిషను కింద దొర్లొద్దంటే వినడని వాణ్ణే నాలుగు తిట్టింది. రాత్రిళ్ళు వాడు పళ్ళు కొరుకుతున్నా, పక్కమీద ముందుకీ వెనక్కీ పొర్లుతున్నా, పగలు ఆడి ఆడి అలిసిపోయాడనుకుంది. ఇంకో ఇంట్లో తల్లయితే మొదటిరోజే ఉలిక్కిపడేది. టైలరమ్మకి దారం అనిపించింది, అలా అనిపించడంలోనే వారాలు గడిచిపోయాయి. మూడోసారి మాత్రం ఆ దారం ముక్క ఆవిడ వేలిమీద మెలికలు తిరిగింది.

ఆ ఇంటి సంగతి కాస్త చెప్పాలి. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. పెద్దవాడు ట్రాక్టరు తోలతాడు, చిన్నవాడు తాపీమేస్త్రి. పెద్దకోడలు ముందుగదిలో మిషను పెట్టుకుని టైలరమ్మ అయింది. చిన్నకోడలిది పాలకేంద్రంలో పని. తెల్లవారకముందే వెళ్ళి, వచ్చినవాళ్ళ పాలు కొలిచి, క్యాన్లు కడిగి, ఎండెక్కాక వస్తుంది. చీకటితో తల్లి లేచి వెళ్ళిపోతే పిల్ల బెంబేలెత్తుతుందని, ఆమె కూతురు పాలు మానిన దగ్గర్నుంచీ పెద్దమ్మ పరుపు మీదే పడుకునేది. ఒక్కచోట నిలవదు కాబట్టి ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు, దానికి అయిదేళ్ళు. టైలరమ్మ కొడుకు గుండు, దానికంటే ఏడాది పెద్ద. పరుపు మీద అటు గుండు, ఇటు పిచ్చుక, మధ్యన టైలరమ్మ. ట్రాక్టరాయనకి ఎప్పుడో వరండాకి బదిలీ అయిపోయింది.

పెద్దమ్మ బొటనవేలు గుప్పిట్లో పెట్టుకుంటే గానీ పిచ్చుకకి నిద్రపట్టదు. తిండీ అంతే. టైలరమ్మ మిషను పక్కన ముక్కాలిపీట మీద ఒకే పళ్ళెం పెట్టుకుని, కుట్టు ఆపినప్పుడల్లా ఆ నోట్లో ఒక ముద్ద, ఈ నోట్లో ఒక ముద్ద పెట్టేది. పిల్లలిద్దరూ గదంతా తిరుగుతూ వచ్చి నోరు తెరిచి పోయేవాళ్ళు. ఎవరైనా కొత్తవాళ్ళు చూస్తే ఇద్దరూ మీ పిల్లలేనా అని అడిగేవాళ్ళు. టైలరమ్మ ఔననీ అనేది కాదు, కాదనీ అనేది కాదు. తోటికోడళ్ళిద్దరూ ఒక గొడుగు కింద అన్నేళ్ళు నెట్టుకురావడం చూసి వీధికి కాస్త కడుపుమంటగానే ఉండేది.

ఇక టైలరమ్మ శుభ్రం సంగతి ఊరంతా ఎరుగుదురు. ఉతకని బట్ట సైజు తగ్గించమని ఎవరైనా తెస్తే, దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, తెచ్చిన మనిషి పరువు తీసి వెనక్కి పంపేది. ఫలానా వాళ్ళ ఇంట్లో పక్కబట్టలు ఎన్నాళ్ళకోసారి ఉతుకుతారో ఆవిడ నోటి చివరే ఉండేది. అలాంటి మనిషి కొడుక్కి నులిపురుగులు. ఈ మాట బయట పొక్కితే ఆ తీసిన పరువులన్నీ వడ్డీతో సహా తిరిగొస్తాయని ఆవిడకి బాగా తెలుసు. ఇంటిగుట్టు లంకకి చేటంటారు గానీ, ఆ ఇంటికి మాత్రం గుట్టు దాచడమే చేటయింది.

ఊళ్ళో మందులషాపు ఉండగా, దారం రీళ్ళు తేవాలని చెప్పి ఆవిడ పక్కూరు వెళ్ళింది. షాపులో ఎవరికి మందు అని అడిగితే, మా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళ పిల్లాడికి అంది. షాపతను మంచివాడు, మాత్ర చేతికిస్తూ ఒక మాట చెప్పాడు. ఒక్క పిల్లాడికి వేస్తే లాభం లేదమ్మా, ఆ ఇంట్లో పెద్దా చిన్నా అందరూ ఒకేరోజు వేసుకోవాలి, రెండు వారాలకి మళ్ళీ వేసుకోవాలి, మర్చిపోకుండా వాళ్ళకి చెప్పు అన్నాడు. టైలరమ్మ తప్పకుండా చెప్తానంది. ఇంటికొచ్చి గుండుగాడికి పంచదారతో మాత్ర మింగించి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. తర్వాత ఆవిడ ఎన్నోసార్లు గుర్తుచేసుకుని కుమిలిపోయింది ఈ నిద్ర గురించే. తెలియక చేసి ఉంటే మనసుకి సర్దిచెప్పుకునేది. తెలిసింది, చెప్పేవాడు చెప్పాడు, ఆవిడే చెప్పలేదు.

పురుగులు కొన్నాళ్ళు కనిపించలేదు, మళ్ళీ వచ్చాయి. దొంగకి తేలు కుట్టినట్టయింది టైలరమ్మ పని. మళ్ళీ దారం రీళ్ళు అయిపోయాయి, మళ్ళీ పక్కూరు, మళ్ళీ పంచదార. ఇన్ని రీళ్ళు ఏం చేస్తున్నావే, ఊరిచుట్టూ కంచె కడుతున్నావా అని ట్రాక్టరాయన నవ్వాడు కూడా. ఈ మధ్యలో ఆవిడకీ రాత్రయితే దురద మొదలైంది. పొద్దస్తమానం ఆ చెక్కకుర్చీలో కూర్చుని వేడి చేసిందనుకుని, కడుపు నిండా నీళ్ళు తాగి ఊరుకుంది. గురివింద గింజకి తన కింద నలుపు తెలియదంటే ఇదే కాబోలు.

అలాంటప్పుడు ఒకరోజు పిచ్చుక గోక్కోవడం చూసింది. ఎత్తుకుని వెనక్కి తీసుకెళ్ళి చూస్తే, అదే తెల్లదారం ముక్క. ఆ క్షణంలో ఆవిడకి పిల్లమీద జాలి కలగాలి. కలగలేదు. అమ్మయ్య, ఇదన్నమాట సంగతి అనిపించింది. మట్టిలో ఆడేది ఇది, కాలవగట్టు మీద తిరిగేది ఇది, తల్లి తెచ్చిన పాలక్యాన్ల మూతలు నాకేది ఇది. తన కొడుక్కి ఎలా వచ్చాయా అని ఇన్నాళ్ళూ తల బద్దలు కొట్టుకుంటే, జవాబు తన పక్కలోనే పడుకుంటోంది. ఏది ముందో ఏది వెనకో లెక్క చూసుకుంటే ఆ జవాబు నిలవదని ఆవిడకీ తెలుసు. కానీ తప్పు మోయడానికి ఇంకో భుజం దొరికినప్పుడు లెక్కలు చూసుకునేవాళ్ళు తక్కువ.

కందకి లేని దురద కత్తిపీటకి అంటారు చూడండి, అలాంటి మనిషి ఎదురింటావిడ. ఆరోజు గౌను కొలతలివ్వడానికి వచ్చి, కొలతలిచ్చినా కదలక, గుమ్మంలో ఆడుకుంటున్న పిచ్చుకని చూసి, ఈ పిల్లేమిటి ఇలా గోక్కుంటోంది, మీ ఇంట్లో కూడా పురుగులేనా అంది. ఆ 'మీ ఇంట్లో కూడా' అన్న చోట ఆవిడ కళ్ళు మెరిశాయి. టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. మండిన మనిషి ఊరుకోవచ్చు, లేదా ఎదురింటావిడ మీదే విరుచుకుపడొచ్చు. ఆవిడ ఆ రెండూ చేయలేదు.

"మా గుండుగాడికేం లేవు," అంది టైలరమ్మ. "ఆ పిల్లకే. పేడలోనూ పాలక్యాన్లలోనూ పొర్లే తల్లికి పిల్లని శుభ్రంగా ఉంచే తీరికెక్కడిది? నా పరుపంతా పాడుచేసింది. ఇవాళ్టి నుంచి పక్కలోకి రానివ్వను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమన్నది ఊరికే పుట్టిన మాట కాదు. చిన్నకోడలు పాలకేంద్రం నుంచి వచ్చి, చేతిలో పాలగిన్నెతో పక్క గుమ్మంలో నిలబడి ఉంది. మొత్తం విన్నది. గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి పరుపు మీంచి పిచ్చుక చిన్న దిండు తెచ్చుకుంది. సరే అక్కా అంది, అంతే. అప్పుడైనా టైలరమ్మ వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకుని ఒక్క మాట అనాల్సింది. ఎదురింటావిడ ఇంకా కూర్చునే ఉంది. టైలరమ్మ మిషను చక్రం తిప్పి, లేని కుట్టు ఒకటి వేసింది.

ఆ తర్వాత అంతా చిలికి చిలికి గాలివాన అయింది. ముందు పక్క వేరయింది, తర్వాత పళ్ళెం వేరయింది, తర్వాత పొయ్యి. మగవాళ్ళకి అసలు సంగతి ఎవరూ చెప్పలేదు. పురుగుల గురించి గొడవ పడ్డామని మొగుళ్ళతో చెప్పుకోవడం ఇద్దరికీ సిగ్గే. కాబట్టి గొడవ నీళ్ళు తోడడం గురించి జరిగింది, తెల్లవారుజామున క్యాన్ల చప్పుడు గురించి జరిగింది, బట్టలకొచ్చిన వాళ్ళు వరండా తొక్కడం గురించి జరిగింది. అన్నదమ్ములు ఆ మాటలనే నిజమనుకుని వాటికోసమే ఒకరినొకరు కసురుకున్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుని, చివరికి ఇంటిని నిలువునా రెండు చేద్దామన్నారు.

గోడ కట్టింది చిన్నవాడే. ఊళ్ళో సగం గోడలు అతను కట్టినవే, ఇంకో మేస్త్రిని పిలవడం నామోషీ. ఇటుక మీద ఇటుక పేర్చి, తూగుగుండు వేసి చూసుకుని, ఎవరి ఇంటికో కడుతున్నట్టే వంకర లేకుండా కట్టాడు. నడిమి గుమ్మం మూసేశాక వీధిలోంచి చుట్టుతిరిగి వచ్చి, వదినా, మీ వైపు కూడా నున్నగా పూత వేస్తున్నాను అన్నాడు. టైలరమ్మ మంచినీళ్ళిచ్చింది. అతను మొహం చూడకుండా తాగి గ్లాసు మిషను మీద పెట్టి వెళ్ళాడు. గోడలకి చెవులుంటాయంటారు, ఆ గోడకి గొంతు కూడా ఉంది. పెద్దమ్మ దగ్గరికి పోతానని పిచ్చుక ఏడవడం ఇవతలికి స్పష్టంగా వినిపించేది. కొన్నాళ్ళు వినిపించి, తర్వాత ఆగిపోయింది. చిన్నపిల్లలు ఇట్టే మర్చిపోతారని టైలరమ్మ అనుకుంది. అలా అనుకోవడం ఆవిడకి ఇష్టం లేదు, అయినా అదే అనుకుంది.

గోడయితే లేచింది గానీ పురుగులు పోలేదు. గుండుగాడు మళ్ళీ గోక్కోవడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పిచ్చుక పక్కలో లేదు, పళ్ళెంలో లేదు. కొత్త పక్కబట్టలు, కొత్త గోడ, అదే తెల్లదారం ముక్క. టైలరమ్మ దాన్ని చూస్తూ నూతిగట్టుమీద కూర్చుండిపోయింది. మనసులో ఒక అనుమానం లేచింది గానీ, దానికి పేరు పెట్టుకోవడానికి భయపడింది.

పేరు ఆసుపత్రి నర్సమ్మ పెట్టింది. బళ్ళో చిన్నపిల్లలు చాలామంది రాత్రి నిద్రల్లేక పగలు తూగుతున్నారని మాస్టారు చెబితే, ఆవిడ వచ్చి తల్లులందర్నీ పాలకేంద్రం ముందు కూర్చోబెట్టింది. తీపి తింటే పురుగులు పడవంది. మట్టి తొక్కితే వచ్చే రకం కాదంది ఇది. రాత్రిపూట పురుగు బయటికొచ్చి కంటికి కనపడనన్ని గుడ్లు పెడుతుంది, దురదకి గోకితే అవి గోళ్ళలో దూరతాయి, ఆ గోళ్ళతో తిన్నా, ఇంకొకళ్ళకి తినిపించినా నోట్లోకి పోతాయి, పక్కబట్టలు గదిలో దులిపితే ఇల్లంతా పడతాయి, పెద్దవాళ్ళకీ వస్తాయి, అద్దంలా ఉంచుకున్న ఇంట్లోనూ వస్తాయి, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదంది. ఇంట్లో ఒక్కళ్ళకే మందు వేస్తే, వేసుకోని వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ వీళ్ళకి వస్తాయంది. ఇంటింటికీ సరిపడా మాత్రలు పంచి, అందరూ ఇవాళే వేసుకోవాలంది. మీలో ఒక్క బిడ్డకే రహస్యంగా మందేసి ఊరుకున్నవాళ్ళు ఎంతమంది అని అడిగితే ఒక్కరూ చెయ్యెత్తలేదు. ఎదురింటావిడ అయితే తన కాలివేళ్ళు పరీక్షగా చూసుకుంటోంది.

టైలరమ్మ తన చేతిని చూసుకుంది. కుట్టుపని చేసేవాళ్ళకి కుడి బొటనవేలి గోరు కాస్త పెరిగి ఉండాలి. బట్ట మడతపెట్టి ఆ గోటితో గీరితే ఇస్త్రీ చేసినట్టు గీత పడుతుంది. ఆవిడ ఆ గోరు ఎప్పుడూ తీయలేదు. వేడి చేసిందనుకున్న దురదకి నిద్రమత్తులో గోక్కున్నది ఆ గోటితోనే. పొద్దున చేతిమీద ఇన్ని నీళ్ళు పోసుకుని, ముద్దలు కలిపి రెండు నోళ్ళలో పెట్టింది ఆ చేత్తోనే. పిచ్చుక రాత్రంతా గుప్పిట్లో పట్టుకుని పడుకున్నదీ ఆ వేలినే. నర్సమ్మ ఇంకా ఏదో చెబుతోంది గానీ టైలరమ్మకి వినిపించలేదు.

ఇంటికొచ్చి కత్తెర తీసుకుని గోరు మొదలంటా కత్తిరించింది. మొగుడికీ కొడుక్కీ మాత్ర ఇచ్చి, తనూ వేసుకుని, తెచ్చుకున్న ధైర్యం చల్లారకముందే వీధిలోకి దిగింది. ఒకప్పుడు గుమ్మం దాటితే చాలు, ఇప్పుడు వీధంట నడిచి, సందులో తిరిగి, పెరటివైపు నుంచి వెళ్ళాలి. చిన్నకోడలు వేడినీళ్ళలో పక్కబట్టలు ముంచి ఉతుకుతోంది. అక్కని చూసి లేవనూ లేదు, పొమ్మననూ లేదు. దుప్పటి తీసి ఒక కొస పట్టుకుని పిండబోయింది. టైలరమ్మ అలవాటు కొద్దీ రెండో కొస అందుకుంది. ఇద్దరూ చెరోవైపు మెలిపెట్టారు, నీళ్ళు కారిపోయాయి.

"ముందు మావాడికే వచ్చాయి," అంది టైలరమ్మ దుప్పటి వదలకుండా. "బళ్ళు తెరవకముందే. పక్కూరెళ్ళి దొంగతనంగా మందు తెచ్చి వేశాను. అందరూ వేసుకోవాలని అప్పుడే చెప్పారు నాకు. పరువు పోతుందని దాచాను. నాకూ ఉన్నాయి. నా చేత్తోనే పిల్లకి పెట్టాను. తెలిసి తెలిసి దానిమీదకి నెట్టాను."

చిన్నకోడలు దుప్పటి తీగమీద వేసి కొసలు సరిచేసింది. తిడితే బాగుండునని టైలరమ్మ ఎదురుచూసింది. ఆ తిట్లు పడటానికే వచ్చింది.

"నేనూ దాచానక్కా," అంది చిన్నకోడలు. "దానికి ఉన్నాయని నాకు ముందే తెలుసు. నీకు తెలియకుండా ఒకసారి మందేశాను కూడా. చెప్తే పరుపు మీద పడుకోనివ్వవేమోనని."

ఇంకో రోజయితే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వుకునేవాళ్ళు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరి పిల్లకి మానగానే ఇంకొకరి పిల్లాడికి అంటేలా, వంతులేసుకున్నట్టు మందులు వేశారు. ఒక్క పూట నోరు విప్పి ఉంటే అందరూ ఒకేరోజు మింగేవాళ్ళు, గోడకి పెట్టిన ఇటుక ఇంకో ఇంటికి పోయేది. తిలాపాపం తలా పిడికెడు అనుకుంటే కాస్త తేలికయ్యేదేమో గానీ, నలుగురిలో నోరు జారింది తనేనని టైలరమ్మ మర్చిపోలేదు. ఇవాళ మీరూ మందు వేసుకున్నారు కదా, పిల్లని రాత్రికి నా దగ్గరికి పంపు, చీకటితో నువ్వు పనికి పోతే అదెలా ఉంటోందోనని నాకు బెంగగా ఉంది అంది.

చిన్నకోడలు బకెట్లో మిగిలిన నీళ్ళు పారబోసి, ఖాళీ బకెట్ పట్టుకునే నిలబడింది.

"నీమీద కోపం లేదక్కా. కానీ అది రోజూ నీ దగ్గరికి పోతానని గోడ పట్టుకుని ఏడిచేది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. దానితో, నీ చేతులు మురికివి, అందుకే పెద్దమ్మ రానివ్వట్లేదు అని చెప్పాను. ఒక్కసారే అన్నాను. అప్పట్నుంచి ఏడుపు మానేసింది."

టైలరమ్మకి ఆ మాట సరిగ్గా అర్థమయ్యేలోపే పిచ్చుక ఇంట్లోంచి బయటికొచ్చింది. ఇంతకుముందయితే మెడకి వేలాడేది. ఇప్పుడు తలుపు దగ్గరే ఆగి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడింది. టైలరమ్మ నేలమీద గొంతుక్కూర్చుని రమ్మని చేతులు చాపింది. రాలేదు. తనే వెళ్ళి ఆ చేతులు ముందుకి తీసి చూసింది. అరచేతులు తెల్లగా పాలిపోయి, వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చిట్లి, ఒకటి రెండు చోట్ల ఎర్రగా పచ్చిపడి ఉన్నాయి. గోళ్ళు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. సబ్బు వాసన వస్తోంది.

పోట్లాటలో అన్న మాట వెనక్కి తీసుకోవడానికి టైలరమ్మ చాలా మాటలు సిద్ధం చేసుకుని వచ్చింది. అవన్నీ పెద్దవాళ్ళకి చెప్పే మాటలు. అయిదేళ్ళ పిల్లకి చెప్పడానికి ఆవిడ దగ్గర ఒక్కటీ లేదు. నీ చేతులు కాదే, నావి అని మాత్రం అంది. పిచ్చుకకి అది బోధపడలేదు. పెద్దమ్మ తన చేతుల్ని అంతసేపు తిప్పి తిప్పి చూస్తుంటే, అది కూడా వంగి వాటినే చూసుకుంది, ముందువైపూ వెనకవైపూ.

"ఇంకా పోలేదా పెద్దమ్మా?" అంది. "ఉండు, ఇంకోసారి కడుక్కొస్తా. వెళ్ళిపోకు."

చేతులు విడిపించుకుని నీళ్ళతొట్టి దగ్గరికి పరిగెత్తింది. చిన్నకోడలు బకెట్ అక్కడే వదిలేసి కూతురి దగ్గరికి వెళ్ళింది. పిచ్చుక సబ్బు తీసుకుని వేలు వేలూ విడదీసి రుద్దుకుంటోంది, మధ్యమధ్యలో తల తిప్పి పెద్దమ్మ ఉందా లేదా అని చూసుకుంటోంది.